మునిమాపు నడక



మా మేనల్లుడొకడు చదువు నిమిత్తమై ఇంగ్లండు దేశమునకు పోయి, యార్కు అను ప్రాచీన నగరమున రెండేండ్లు నివసించి, మొన్నటి సంక్రాంతికి భీమడోలు వచ్చినపుడు, పండుగ సందడి యంతయు సద్దుమణిగి మేమిద్దరమును వీధి అరుగుమీద కూర్చుండియుండగా, అచ్చట తాను చూచిన వింతలలో నొకదానిని నాకు చెప్పెను. ఆ నగరమున చీకటి పడుచుండగా పదిమందియో ఇరువదిమందియో ఒకచోట గుమిగూడుదురట. నల్లని పొడుగు అంగీ తొడిగిన మనుష్యుడొకడు వచ్చి, తలకింత రుసుము పుచ్చుకొని, వారిని ఇరుకు సందులవెంట, పాత ప్రాకారములవెంట, ప్రార్థనాలయముల గోడనీడలవెంట త్రిప్పుచు, ఏ యింట ఏ దయ్యమున్నదో, ఏ మెట్లమీద ఎవరి అడుగుల చప్పుడు వినబడునో చెప్పుచు, గంటయో గంటన్నరయో నడిపించునట. 1973లో మొదలైన ఈ నడక, ఇట్టివానిలో ప్రపంచమున మొట్టమొదటిదని ఆ యూరివారు చెప్పుకొందురట.

వాడు చెప్పిన కథలలో ఒకటి నన్ను విడువలేదు. 1953వ సంవత్సరమున కొళాయిపని నేర్చుకొనుచున్న పదునెనిమిదేండ్ల కుర్రవాడొకడు ఆ నగరమందలి ఒక పురాతన భవనపు నేలమాళిగలో నిచ్చెన వేసికొని పని చేయుచుండగా, ఎక్కడనో బాకా ఊదినట్లు చప్పుడు వినబడెనట. అంతలో గోడలోనుండి ఒక గుఱ్ఱమును, దానివెంట అలసి సొలసిన రోమను సైనికులును వచ్చి, రెండవ గోడలోనికి నడచిపోయిరట. కుర్రవాడు నిచ్చెనమీదినుండి జారిపడి చూచుచుండగా, ఆ సైనికులకు మోకాళ్ళనుండి క్రిందిభాగము కనబడలేదట. నేల త్రవ్వియున్న చోటికి వచ్చినపుడు మాత్రమే పాదములు కనబడినవట. ఆ నేలమాళిగ అడుగున రోమనులనాటి బాట యున్నదనియు, అది ఇప్పటి నేలకు మూరెడు దిగువగా నున్నదనియు తెలిసినవారు చెప్పిరట. అనగా ఆ సైనికులు మన నేలమీద నడచినవారు కారు. తమ నేలమీదనే తాము నడచిరి. మనమే మూరెడు ఎత్తున నిలిచి చూచుచున్నాము.

"మావయ్యా, మన వైపు ఇలాంటి నడక ఏదీ లేదా?" అని వాడు అడిగెను.

నల్ల అంగీయు రుసుమును లేవు గాని నడచుటకు నేలయు, వినుటకు కథలును లేకపోలేదని, నేను వానిని రెండు సాయంకాలములు వెంటబెట్టుకొని తిప్పితిని. ఆ రెండు సాయంకాలముల ముచ్చటయే నేడు మీకు విన్నవించుకొనబోవుచున్నాను.

బయలుదేరుటకు ముందు ఒక మాట. మన భాషలో దయ్యమన్న మాటయే మిక్కిలి విచిత్రమైనది. దైవము అను సంస్కృత శబ్దమునకు దయ్యము తద్భవము. మన ప్రాచీనకవులు భగవంతుని, విధిని కూడ ఆ మాటతోనే పిలిచిరి. కాలక్రమమున తత్సమము గుడిలోనికి పోయి గద్దెనెక్కినది. తద్భవము ఊరి వెలుపలి చింతచెట్టు నాశ్రయించినది. తోబుట్టువులైన రెండు మాటలలో ఒకదానికి ధూపదీప నైవేద్యములును, ఇంకొకదానికి వేపమండలును దక్కినవి. నాకు మాత్రము ఆ రెంటినడుమ ఎన్నడును పెద్ద గోడ కనబడలేదు. ముప్పది నలుబదేండ్లక్రిందట మన పల్లెలలో, పట్టణములలో ఇంటింటి తలుపుమీదను "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతోనో సుద్దతోనో వ్రాసికొన్న రోజులు చాలమందికి జ్ఞాపకముండును. ఆ వ్రాతను నేను మా వీధిలోనే పదిండ్లమీద చదివితిని. వచ్చినది దయ్యమని నమ్మి, ప్రాణభయముతో వణకుచు కూడ, మనవారు దానిని "పో" అనలేదు, "రేపు రా" అనిరి. గడపలోనికి వచ్చిన ఆడుదానిని పొమ్మనుటకు మన నోరు రాదు.

మా యూరి పేరులోనే ఒక డోలున్నది. చిన్నతనమున రాత్రివేళ కలకత్తా మెయిలు వచ్చుటకు ముందు పట్టాలు దూరమునుండి గుమ్ముగుమ్మున మ్రోగుచుండగా, భీముడు డోలు వాయించుచున్నాడని నమ్మి, దుప్పటి ముసుగుపెట్టుకొని మా అమ్మమ్మ ప్రక్కకు జరిగెడివాడను. ఆమె "భీముడే నాయనా, మనవాడే, పడుకో" అనునే గాని, అది రైలని ఒక్కనాడును చెప్పలేదు. అందుకు నేనామెకు నేటికిని కృతజ్ఞుడను.

మొదటి సాయంకాలము మేము ఏలూరు చేరి, తమ్మిలేరు దాటి, అచ్చటికి ఉత్తరముగా మూడు క్రోసుల దూరమున నున్న పెదవేగికి పోయితిమి. త్రోవపొడుగున ఆయిల్‌పామ్ తోటలు. వాని మట్టలు ఇరువైపులనుండి వంగి ఒకదానితో నొకటి కలిసికొనుటచే, పైన ఆకాశమున వెలుగింకను మిగిలియుండగనే తోటల లోపల రాత్రియైపోవును. ఊరు చేరువేళకు పశువులు ఇండ్లకు మరలుచుండెను. పొయ్యిల పొగ నేలబారుగా పరచుకొనియుండెను. చూచుటకు మన సీమలో నే యూరైనను అట్లే యుండును. కాని ఆ పొగక్రింద నున్నది వేంగీపురము.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలెమీ యను గ్రీకు భూగోళజ్ఞుడు సాలంకాయనులను, వారి పట్టణమును పేర్కొనినాడు. 4వ శతాబ్దమున సముద్రగుప్తుని ప్రయాగ స్తంభముమీద, ఆయన దక్షిణాపథమున జయించి మరల విడిచిపుచ్చిన రాజులలో వేంగి హస్తివర్మ పేరు చెక్కబడియున్నది. సాలంకాయనులు చిత్రరథస్వామి యను పేర సూర్యుని కొలిచినవారు. వారి ముద్రిక వృషభము. పిమ్మట వచ్చిన తూర్పు చాళుక్యులు, 7వ శతాబ్దిలో కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుకొని, నాలుగువందల యేండ్లు ఈ నేలకొఱకు బ్రతికిరి, చచ్చిరి. వారిలో నరేంద్రమృగరాజను బిరుదము దాల్చిన రెండవ విజయాదిత్యుడు పండ్రెండేండ్లు, పగలనక రాత్రి యనక, రాష్ట్రకూటులతోను గాంగులతోను నూటయెనిమిది యుద్ధములు చేసి, యుద్ధమునకొక్కటి చొప్పున నూటయెనిమిది శివాలయములు కట్టించినాడని ఆ వంశపు తామ్రశాసనములు చెప్పుచున్నవి. చదువుకొన్ననాడు నేనిది రాజుగారి భక్తికిని శౌర్యమునకును నిదర్శనమని పరీక్షలో వ్రాసితిని. వయసు వచ్చినకొలది నా కింకొకటి తోచుచున్నది. యుద్ధము జరిగిన ప్రతి చోటను గుడి కట్టించినవాడు, అక్కడ పడిపోయినవారిని తలచుకొనకుండ కట్టించియుండునా? పీనుగులు పడిన నేల ఊరకుండదని మన పల్లెటూరివా రెరుగుదురు. ఆ సంగతి ఆ రాజును ఎరుగును గాబోలు.

ఊరి చెంతనున్న శిథిలముల దిబ్బవద్ద మాకు ఒక వృద్ధుడు కనబడెను. మేకపిల్లను చంకనెత్తుకొని ఇంటికి పోవుచుండెను. మేము వచ్చిన పని చెప్పగా, నవ్వక, వింతగా చూడక, మేకపిల్లను దించి, తలపాగ సవరించుకొని, "అటేపు నుంచి రండి బాబుగారూ, ఇటు ముళ్ళకంపుంది" అని ముందు నడచెను.

ఆ దిబ్బమీద ఆయన మాకు చూపినది ఒక ఇటుక. సగము మట్టిలోనున్నది. మూరెడు నిడివి, జానెడు పైచిలుకు వెడల్పు. ఇప్పటి ఇటుకలు నాలుగు కలిపినను దానికి సరిరావు. మా మేనల్లుడు సెల్‌ఫోను దీపము వేసి, వంగి, మన్ను తుడిచినాడు. దానిమీద ఒక మూలనుండి ఇంకొక మూలకు మూడు సన్నని గాళ్ళున్నవి. పచ్చి ఇటుకను అచ్చునుండి తీసినవాడు, ఆరబెట్టుటకు ముందు, తన మూడు వ్రేళ్ళతో అట్లు గీచి విడిచినాడు. గుర్తునకో, పట్టునకో, అలవాటుననో. మా వాడు తన మూడు వ్రేళ్ళను ఆ గాళ్ళలో పెట్టెను. సరిగా అమరినవి. కొంతసేపు తీయలేదు. వానికి ఏమి తోచెనో నేనడుగలేదు. నాకు మాత్రము యార్కు సైనికులు జ్ఞాపకము వచ్చిరి. ఈ నేలకు మూరెడు దిగువను ఇటుకలు కోయువాడొకడు గొంతు కూర్చుండియున్నాడు, మేము వాని నెత్తిమీద నిలుచుండి వాని చేయి పట్టుకొన్నాము.

"ఇక్కడ దయ్యమేమైనా ఉందా, పెద్దాయనా?" అని నేను అడిగితిని.

"ఎందుకు లేదండీ. లంకెబిందెలకి కాపలా ఉంది. మా తాత చిన్నప్పుడు ఎవళ్ళో పైనూరోళ్ళు అమాసనాడు గుమ్మడికాయ కొట్టి తవ్వేరంట. తెల్లారేసరికి పలుగూ పారా ఇక్కడే ఉన్నాయి, మనుషుల్లేరు. ఇప్పటికీ చీకటి పడితే ఇటు ఎవరూ రారు." కొంచె మాగి, మేకపిల్ల చెవి నిమురుచు, ఆయన మరల అనెను: "దెయ్యం ఉంది కాబట్టే ఇటికలున్నాయి బాబూ. అది లేకపోతే ఈపాటికి ఇయన్నీ ఎవడి గొడ్లసావిట్లోనో ఉండేయి."

శ్రోతలారా, నేనీ మాటను మిక్కిలి గౌరవముతో మీకు నివేదించుచున్నాను. ఏలూరి కోట కట్టినపుడు వేంగి శిథిలములనుండియే రాళ్ళు తరలించిరని పెద్దలు చెప్పుదురు. రాజులు రక్షింపలేని దానిని, సైన్యములు రక్షింపలేని దానిని, పేరులేని దయ్యమొకటి మేకలకాపరుల నోట నిలిచి ఇన్నాళ్ళు కాపాడినది. దయ్యము కథ మూఢవిశ్వాసమని కొట్టిపారవేయువారు ఆ కథ చేయుచున్న కావలిపనిని, ఆ పనికి తీసికొనని జీతమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

చీకటి చిక్కబడినది. తిరిగి వచ్చుచు త్రోవలో నేను మావానికి ఇంకొక బాటసారి కథ చెప్పితిని. 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు అను చీనా భిక్షువు మన దేశమునకు వచ్చి, ఆంధ్రదేశ రాజధానియైన వేంగీపురమునుగూర్చి వ్రాసికొన్నాడు. నగరము చుట్టుకొలత చీనా కొలతలో ఇరువది లీలనియు, దేశమున ఇరువది పైచిలుకు సంఘారామములును మూడువేల భిక్షువులును కలరనియు ఆయన లెక్క. నగరమునకు దగ్గరలోనే ఆచారుడను అర్హతుడు కట్టించిన మేడలుగల విహారమును, దానికి కొంత దూరమున దిఙ్నాగుడు తర్కశాస్త్రము రచించిన ఏకాకియైన కొండయు ఉన్నవని చెప్పినాడు. అటనుండి దక్షిణముగా ధాన్యకటకమునకు పోయినాడు. అక్కడ నగరమునకు తూర్పున ఒక కొండమీదను పడమట ఇంకొక కొండమీదను నున్న మహావిహారములు రెండును పాడువడియుండెను. ఎందుకని విచారించగా ఆయనకు చెప్పిన కారణము ఇది: నూరేండ్లుగా కొండదేవత ఆగ్రహించి, ఒకప్పుడు తోడేలై, ఒకప్పుడు కోతియై వచ్చి బాటసారులను బెదరించుచున్నందున, భిక్షువులు అచ్చట నుండుట మానివేసిరట. మన దేశపు దయ్యపుకథ యొకటి ఇట్లు పదునాలుగువందల యేండ్లక్రిందట చీనాభాషలో నెక్కినది.

ఆ భిక్షువు చెప్పిన ఇంకొక కథ ఇంతకంటె సుందరమైనది. భావవివేకుడను పండితుడు, మైత్రేయబుద్ధుడు అవతరించు పర్యంతము వేచియుండ నిశ్చయించి, ధాన్యకటకమునకు దక్షిణముననున్న పెద్ద కొండచరియవద్ద ఏండ్లతరబడి మంత్రము జపించి, మంత్రించిన ఆవగింజతో రాతిని కొట్టెను. రాయి తెరచుకొనినది. లోపల అసురుల మందిరము. చూడవచ్చిన జనులు అది పాముల పుట్ట యని జంకి వెనుకకు తగ్గగా, ఆరుగురు మాత్రము ఆయన వెంట లోనికి పోయిరి, రాయి మూసికొనినది. వెలుపల నిలిచిపోయినవారు పశ్చాత్తాపపడిరట. భావవివేకుడు ఇప్పటికిని అందులోనే యున్నాడు, వేచియున్నాడు. ఆవగింజకు తెరచుకొను కొండ మన కృష్ణాతీరముననే యున్నదని నేను చెప్పగా, మా మేనల్లుడు చాలసేపు మాటాడక, "ఆ ఆరుగురి పేర్లు రాశాడా మావయ్యా?" అని అడిగెను. వ్రాయలేదు.

రెండవనాటి సాయంకాలము గణపవరము మీదుగా ఆకివీడు వైపు పోయి, కొల్లేటిలో ఒక తాటిదోనె మాటాడుకొంటిమి. కొల్లేరనగానే నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది దండి దశకుమారచరితము. అందలి మంత్రగుప్తుని కథలో ఆంధ్రనగరమును, దాని చెంతనే సముద్రమువంటి సరస్సును వర్ణింపబడినవి. ఆ నగరము వేంగి యనియు, ఆ సరస్సు కొల్లేరనియు పండితులు గుర్తించినారు. ఆంధ్రరాజు జయసింహుడు కళింగరాజును, ఆయన కూతురు కనకలేఖను చెరపట్టి తెచ్చి, ఆమెను పెండ్లాడదలచును. కనకలేఖను యక్షుడొకడు ఆవహించియున్నాడు, ఇతర పురుషుని సహింపడు అను వదంతి పుట్టును. ఆమెను ప్రేమించిన మంత్రగుప్తుడు జటలు ధరించి సన్న్యాసివేషమున సరస్సుగట్టున కూర్చుండి, అర్ధరాత్రమున ఈ నీట మునిగినయెడల యక్షుడు ఎదిరింపలేని క్రొత్త శరీరము వచ్చునని రాజును నమ్మించి, గట్టులో ముందుగనే త్రవ్వియుంచిన బిలములో పొంచియుండి, మునిగిన రాజును నీటిలోనే చంపి, తానే రాజై పైకి వచ్చి, ఏనుగు నెక్కి నగరమునకు పోవును. ఈ కథనంతయు అతడు పెదవులు కలియకుండ, పవర్గాక్షరమొక్కటియు లేకుండ చెప్పును. ఏలయనగా అతని పెదవికి ప్రియురాలి దంతక్షతము తగిలియున్నది. ఈ మైక్రోఫోను ముందు కూర్చుండి ప, బ, మ లు లేకుండ రెండు నిమిషములు మాటాడ ప్రయత్నించినవానికి దండి సామర్థ్యము తెలియును. తెలుగువారికి ఆ కావ్యమును 13వ శతాబ్దమున తెనిగించి యిచ్చిన మూలఘటిక కేతన "అభినవదండి" యని పేరొందుట న్యాయమే. నీటను మునిగినవాడొకడు, తేలినవాడొకడు: ఆ సరస్సున మనిషి మాయమగుట అన్నది నేటి కథ కాదు.

దోనె నడుపువాడు వడ్డివాడు. కొల్లేటి లంకలలోని ఈ జాలరుల కులనామముననే ఓఢ్రదేశము వినబడుచున్నదనియు, వీరి పూర్వులు గజపతుల సైన్యముతో వచ్చి ఇక్కడనే నిలిచిపోయిరనియు చెప్పుదురు. సుమారు నలుబదేండ్లవాడు, మితభాషి. అతని తల్లి కూడ ఎదురుగా అంచున కూర్చుండియున్నది, లంకలోని కూతురింటికి పోవుచున్నదట. బుట్టలో సంక్రాంతి అరిసెలు. సూర్యుడు క్రుంకునప్పటికి నీరంతయు కుంకుమ కలిపినట్లై, పిమ్మట సీసము రంగు తిరిగెను. గూడబాతులు బారులుగా ఆటపాక చెట్లవైపు ఎగిరిపోయెను. తుంగదుబ్బులనడుమ గెడ దిగబడు చప్పుడు తప్ప వేరు సద్దు లేదు.

కొరివిదయ్యములను గూర్చి దోనెవానిని అడిగితిని. రాత్రివేళ పల్లపునేలలమీద నీలపు మంటలు లేచి, కదలి, ఆరి, మరియొక చోట వెలుగుటను మా చిన్నతనమున కొల్లేటివారందరు చూచినట్లే చెప్పెడివారు. కుళ్ళిన తుంగ, నాచు బురదలో పుట్టించు వాయువు అంటుకొనుటయే అని శాస్త్రజ్ఞుల వివరణము; అది నిజమే అయియుండవచ్చును. "మా నాన్న చూసేడండి. నేను చూళ్ళేదు. చేపల చెరువులొచ్చాక రాత్రంతా కరెంటు దీపాలేగా, వాటి వెలుగులో ఇంక కొరివి ఎక్కడ కనపడుద్ది" అని అతడు బదులు చెప్పెను. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగా గుర్తించిరి. 2006లో చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టిరి. ఆ వివాదములోనికి నేను పోను. కొరివిదయ్యములకు చీకటి కూడ కావలెనని మాత్రము అప్పుడు నాకు తెలిసినది.

ఉప్పుటేరు మొగవైపు నీరు కొంచెము వడి పట్టినది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏళ్ళు తెచ్చి పోసిన నీరంతయు కొల్లేరునుండి సముద్రమునకు పోవు త్రోవ ఇదియే. ఈ త్రోవకు పేరంటాల కనుమ యను పేరు ఏల వచ్చెనో చెప్పు కథను నేను ఆంగ్లేయులు వ్రాయించిన గెజిటీరులలో చదివియుంటిని. లాంగూల గజపతికి కొల్లేటికోటలో దుర్గముండెను. నాలుగువైపుల నీరే దానికి అగడ్త. చిగురుకోటవద్ద విడిసిన శత్రుసేనాని, దోనెలతో కోటను పట్టుట సాధ్యముగాదని గ్రహించి, సరస్సులోని నీటిని సముద్రమునకు తీసివేయుటకై కాలువ త్రవ్వింపసాగెను. నీరు తగ్గినచో కోట నిలువదు. అప్పుడు ఓఢ్రసేనాని దేవతల ప్రసన్నము కోరి, జయము కోరి, తన కన్నకూతురిని బలియిచ్చెను.

గెజిటీరులో ఇది మూడు పంక్తులలో ముగియును. నేను ఆ మూడు పంక్తులను ఎన్ని పర్యాయములు చదివితినో చెప్పలేను. లాంగూలుడన్న బిరుదము కోణార్క సూర్యదేవాలయమును కట్టించిన నరసింహదేవునిది. రథచక్రములతో ఆ రాతిగుడి ఆయనకు మిగిలినది. సేనానికి యుద్ధము మిగిలినది. శత్రువునకు కాలువ మిగిలినది. ఆ పిల్లకు ఎన్నేండ్లు? ఏ పేరు పెట్టి పిలిచెడివారు? ఆనాటి ఉదయము తల్లి తల దువ్వి జడ వేసినదా? ఈ ప్రశ్నలలో ఒక్కదానికిని శాసనము లేదు. తామ్రపత్రమునందు భూమి ఎల్లలు వ్రాయుదురు, పుట్టలు వ్రాయుదురు, చింతచెట్టు వ్రాయుదురు. దానము పుచ్చుకొన్న బ్రాహ్మణుని తాత పేరు వ్రాయుదురు. ఈ పిల్లను మాత్రము జనులు నోటితోనే మోసికొని వచ్చిరి. పేరంటాలు అన్నారు. పసుపుకుంకుమలతో కడతేరిన ఆడుదానిని, అన్యాయముగా చచ్చిన ఆడుదానిని, ఏటికో మంటకో ఆహుతియైనదానిని మన కోస్తా పల్లెలలో పిలుచు పిలుపు అది. దయ్యమై తిరుగవలసినదానిని గడపలోనికి పిలిచి, పీట వేసి, బొట్టు పెట్టుట. యార్కునగరమున నల్లఅంగీ మనిషి దయ్యములుండు చోటికి బాటసారులను కొనిపోవును. మన ఆడువారు పేరంటాలినే తమ యింటికి పిలుచుకొందురు.

మా మేనల్లుడు వృద్ధురాలినడిగెను. "అమ్మమ్మా, ఆ అమ్మాయి పేరేంటి?"

ఆమె చీరకొంగు తలమీదికి లాగికొని, "పేరంటాలే నాయనా" అనెను. "ఇంకో పేరుందేమో మాకు తెలీదు. పెద్దింట్లమ్మ తిరణాలప్పుడు, ఫాల్గుణంలో, ఇటేపు వచ్చేటప్పుడు నేనైతే ఓ ఆకూవక్కా నీళ్ళలో వేస్తాను. మా అత్త వేసేది. పిల్ల కదా, ఎదురు చూస్తా ఉంటాది."

"భయం వెయ్యదా, రాత్రిపూట ఇక్కడ?"

"ఎందుకయ్యా భయం? మన పిల్లే కదా."

మా అమ్మమ్మ పలికిన మాట అరువదేండ్లకు నాకు మరల వినబడెను. నీటిమీద చలిగాలి లేచినది. దూరమున ఆకివీడు వంతెనమీద రైలు పోవుచుండెను. దాని కిటికీల వెలుగులు నీటిలో తలక్రిందులుగా, చక్రములు పైకి, ఒకదానివెంట నొకటి పరుగెత్తి మాయమయ్యెను. మా వాడు మోకాళ్ళను కౌగిలించుకొని, ఏమియు మాటాడక, నీటి అడుగునకు చూచుచుండెను.

వృద్ధురాలు బుట్టమూత తీసి, ఒక అరిసెను రెండుగా విరిచి, సగము వాని చేతిలో పెట్టెను. రెండవ సగమును నీటిలోనికి జారవిడిచెను. కొడుకు ఆ చోటు దాటునంతవరకు గెడ నీటిలో దించలేదు. తడిసిన గెడను రెండు చేతులతో అడ్డముగా పట్టుకొని నిలుచుండెను. దానినుండి నీటిబొట్లు రాలుచుండగా, దోనె తనంతట తాను ఆ నీటి పోకడను కొంతదూరము సాగినది. తరువాత అతడు గెడ వేసెను.